‘ఏం చేస్తున్నవ్?’ : దళిత నిరుద్యోగ చరిత్రకు కొన్ని పేజీలు

నిరుద్యోగం గురించి మన దగ్గర రాతలకు కొదవ లేదు. ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళు దాన్ని శాతాల్లో లెక్కగట్టారు. వామపక్ష విద్యార్థి సంఘాలు పెట్టుబడిదారీ సంక్షోభంగా వివరించాయి. కథలూ సినిమాలూ ఆకలితో ఉన్న పట్టభద్రుడి ఆగ్రహంగా చూపించాయి. ఈ మూడింట్లోనూ నిరుద్యోగికి వయసుంది, డిగ్రీ ఉంది, ఆకలుంది. కులం మాత్రం లేదు. మన సమాజంలో కులం చెప్పకుండా కథానాయకుడు కాగలిగేది ఎవరో మనకు తెలియంది కాదు.

1981లో వచ్చిన ‘ఆకలి రాజ్యం’ తీసుకుందాం. కె. బాలచందర్ తీసిన ఈ సినిమాలో సంప్రదాయ కుటుంబం నుంచి వచ్చిన పట్టభద్రుడు ఢిల్లీలో ఉద్యోగం కోసం నానా తిప్పలు పడి, చివరికి సెలూన్లో క్షౌరపనికి కుదురుతాడు. పట్టా పక్కనబెట్టి కత్తెర పట్టుకోవటం అక్కడ శ్రమ గౌరవంగా నిలబడుతుంది. చూసినవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంచిదే. కానీ తాతా తండ్రీ కత్తెర పెట్టె పట్టుకుని ఊరి గడపలు తిరిగిన ఇంట్లోంచి వచ్చి డిగ్రీ చదివినవాడు మళ్ళీ ఆ కత్తెరే పట్టుకుంటే? మాదిగవాడలోంచి వచ్చి ఎం.ఏ. చదివినవాడు మళ్ళీ చెప్పులు కుట్టడానికి కూర్చుంటే? దాన్ని శ్రమ గౌరవం అని ఎవరూ అనరు. ‘ఎక్కడోడు అక్కడికే వచ్చిండు’ అంటారు. ఒకే పని ఒకరికి త్యాగం, మరొకరికి వెనక్కి తోసివేత.

ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఇదే. దళితుడికి ఉద్యోగం రాకపోవటమంటే నెల జీతం రాకపోవటంతో ఆగదు. కులం తన కోసం సిద్ధం చేసి ఉంచిన పనికి మళ్ళీ పిలుపు రావటమది. మన దగ్గర నిరుద్యోగం కలిగించే సిగ్గు, భయం, మౌనం ఈ పిలుపులోంచే పుడుతున్నాయి. వాటికి చరిత్ర ఉంది.

జీతానికి రెండర్థాలు

తెలుగులో ‘జీతం’ అనే మాటకు రెండు బతుకులున్నాయి. ఆఫీసులో ఒకటో తారీకున వచ్చేది జీతం. తెలంగాణ పల్లెల్లో దొర కాడ, పటేలు కాడ ఏడాదికి కుదిరి, పశువుల కొట్టంలో పడుకుని రాత్రింబవళ్ళు చేసేదీ జీతమే. ‘వాడు పటేలు కాడ జీతమున్నడు’ అంటే ఉద్యోగస్తుడని కాదు, అప్పుకు కట్టుబడి ఉన్నాడని. కోస్తాలో ఇదే పాలేరుతనం. దీనికీ కింద, ఏ లెక్కాపత్రం లేని వెట్టి. నిజాం పాలనలో మాదిగలు దొరకు చెప్పులు కుట్టాలి, మోటబొక్కెన కుట్టాలి, చచ్చిన గొడ్డును మొయ్యాలి, డప్పు మీద చాటింపు వెయ్యాలి, వచ్చిన అధికారి సామాను నెత్తికెత్తుకోవాలి. మాలలు మస్కూరీలుగా, నీరటివాళ్ళుగా, కావలివాళ్ళుగా ఊరికి కట్టుబడి ఉండాలి. కూలి అడిగే హక్కు లేదు, పని మానే హక్కు అంతకన్నా లేదు. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. వెట్టిచాకిరి రద్దు చట్టం మాత్రం 1976 దాకా రాలేదు.

ఆ వ్యవస్థలో ‘నిరుద్యోగి’ అనే మనిషి వాడలో లేడు. పస్తులున్న మనిషి ఉన్నాడు. ఎండాకాలం పనుల్లేక గంజినీళ్ళు తాగి పడుకున్న ఇల్లుంది. అయినా దళితుణ్ణి పనిలేనోడని ఎవరూ అనలేదు. కూలి లేని రోజున కూడా చాకిరి ఉంది గనుక. మా తాత జీతమున్నడు. మా నాయిన కూలికి పోయిండు. ‘నిరుద్యోగి’ అనే మాట మా ఇంట్లోకి నా డిగ్రీ పట్టాతోపాటే వచ్చింది. వాడల్లో మొదటి తరం చదువుకున్నవాళ్ళలో చాలామందిది ఇదే వరస.

ఈలోగా వృత్తులు పోయాయి. కరెంటు మోటారు వచ్చి మోట పోయింది. కంపెనీ చెప్పులొచ్చి లందలు ఎండిపోయాయి. ట్రాక్టరు వచ్చి పాలేర్లు తగ్గిపోయారు. వృత్తి పోయిన మనిషి ఇంకో వృత్తిలోకి పోవాలి. ఎటు పోవాలి? దళితుడు హోటలు పెడితే ఊళ్ళో కాఫీ తాగేదెవరు? 1936లోనే అంబేడ్కర్ ‘కులనిర్మూలన’లో ఈ సంగతి చెప్పాడు. కులం మనుషుల్ని ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారనివ్వదు, అందువల్ల దేశంలో కనపడే నిరుద్యోగంలో చాలా భాగానికి కులమే నేరుగా కారణమని ఆయన వాదన. మన ఆర్థికశాస్త్ర పాఠాల్లో నిరుద్యోగం రకాలు అయిదో ఆరో చెబుతారు. వాటిల్లో ఈ రకం ఉండదు.

సైన్యం తలుపు మూసినప్పుడు

కొలువు పోవటమంటే కులంలోకి తిరిగిరావటమేనన్న సంగతి అంబేడ్కర్ కన్నా ముందు తరం మహర్లకు బాగా తెలుసు. బొంబాయి సైన్యంలో మహర్లు తరాలుగా సిపాయిలు. 1818 కోరేగావ్ యుద్ధ స్థూపం మీద వాళ్ళ పేర్లున్నాయి. సైన్యంలో జీతముంది, పింఛనుంది, పిల్లలకు చదువుంది. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు హోదా దాకా వెళ్ళిందీ, సైనిక పాఠశాలలో పాఠాలు చెప్పిందీ అక్కడే.

1857 తర్వాత బ్రిటిష్‌వాళ్ళు ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం పట్టుకున్నారు. ఆ సిద్ధాంతం కిందే మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళ భర్తీ బాగా తగ్గిపోయింది. 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆగిపోయింది. అదే పనిగా ఒక కులానికి తలుపు మూసెయ్యటమన్నమాట. సైన్యంలోకి పోలేని మహర్ యువకుడి కోసం ఊళ్ళో వతన్ చాకిరి కాచుకుని ఉంది. కబురు మొయ్యటం, చచ్చిన గొడ్డును లాగటం, ఇంటింటి ముందూ నిలబడి రొట్టె అడుక్కోవటం. రిటైరైన సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో విజ్ఞాపన రాశాడు. తమ పూర్వీకులు క్షత్రియులేనని అందులో వాదించవలసి వచ్చింది. ఉద్యోగం అడగటానికి వంశం నిరూపించుకోవాలి, చూడండి. 1910లో శివరాం జన్బా కాంబ్లే మళ్ళీ అడిగాడు. మహర్ రెజిమెంటు వచ్చేసరికి 1941 అయింది. మొదటి విజ్ఞాపనకూ దానికీ మధ్య దాదాపు యాభయ్యేళ్ళు. ఒక కులం మొత్తం వెయిటింగ్ లిస్టులో గడిపిన కాలమది.

బరోడా నుంచి బొంబాయికి

1917లో అంబేడ్కర్ కొలంబియాలో ఎం.ఏ. చదివి, లండన్‌లో పరిశోధన మొదలుపెట్టి, స్కాలర్‌షిప్పు షరతు ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చాడు. ఉద్యోగం ఉంది, ఉండటానికి ఇల్లు లేదు. పారసీల సత్రంలో కులం దాచుకుని దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. హిందూ మిత్రుడూ క్రైస్తవ మిత్రుడూ ఇంట్లో పెట్టుకోలేకపోయారు. బొంబాయి రైలు వేళ దాకా పార్కులో దుఃఖంతో కూర్చున్నానని ఆయనే రాసుకున్నాడు.

ఆ తర్వాతి సంగతి మనవాళ్ళు తక్కువగా చెబుతారు. బొంబాయి వచ్చిన అంబేడ్కర్ నిరుద్యోగి. ట్యూషన్లు చెప్పాడు. షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టాడు. సలహాలిచ్చేది అంటరానివాడని తెలిసి వచ్చేవాళ్ళు మానేశారు. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు ఉద్యోగం వచ్చేదాకా ఇదే గతి. ఆయనకు చదువు తక్కువై ఉద్యోగం పోలేదు. తెలివి తక్కువై వ్యాపారం మూతపడలేదు. కులం బయటపడింది, అంతే.

బొంబాయి మిల్లుల్లోనూ ఇదే. నేత విభాగంలో కూలి ఎక్కువ. కానీ అక్కడ కండె మార్చినప్పుడు దారాన్ని నోటితో పీల్చి లాగాలి. అంటరానివాడి ఎంగిలి తగులుతుందని దళితుల్ని ఆ విభాగంలోకి రానివ్వలేదు. ఎర్రజెండా కింద సమ్మె చేసిన తోటి కార్మికులే రానివ్వలేదు. శ్రామికులంతా ఒకటేనని మనకు పాఠాలు చెప్పేవాళ్ళు ఈ దారం సంగతి కూడా చెప్పాలి.

మరీన్‌తాల్, మన వాడ

పని పోయిన మనిషి మనసులో ఏం జరుగుతుందన్నది మొదట శ్రద్ధగా చూసినవాళ్ళు ఆస్ట్రియా పరిశోధకులు మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్. వియన్నా దగ్గర మరీన్‌తాల్ అనే ఊరు మొత్తం ఒక బట్టల మిల్లు మీద బతికింది. 1929–30లో ఆ మిల్లు మూతపడింది. 478 కుటుంబాల ఆ ఊళ్ళో 1931–32లో ఉండి చూసి, 1933లో వాళ్ళు పుస్తకం అచ్చేశారు. వాళ్ళు చూసినవాటిలో కొన్ని: చేతినిండా ఖాళీ ఉన్నా లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవటం దాదాపు సగానికి తగ్గింది. మగవాళ్ళు నడిచే వేగం తగ్గింది. రోడ్డు మీద ఊరికే ఆగిపోతున్నారు. జేబులో గడియారం పెట్టుకోవటం మానేశారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేశావంటే చెప్పలేకపోయారు. ఆడవాళ్ళకు మాత్రం ఖాళీ లేదు. ఫ్యాక్టరీ పని పోయినా ఇంటి పని పోలేదు, చాలీచాలని డబ్బుతో ఇంకా పెరిగింది. నిరుద్యోగం మనిషిని తిరుగుబాటుదారుణ్ణి చేస్తుందని అనుకునేవాళ్ళకు ఈ పుస్తకం చేదు. అది ఎక్కువమందిని నీరుగార్చేస్తుంది.

మన వాడల్లో చదువుకున్న పిల్లల్ని చూసినవాళ్ళకు ఇందులో చాలా సంగతులు తెలిసినవే. అయితే మరీన్‌తాల్ వాళ్ళు ఉద్యోగం చేసి పోగొట్టుకున్నవాళ్ళు. పక్కింటివాడికీ అదే గతి పట్టింది గనుక వాళ్ళకు సిగ్గు పంచుకునే తోడుంది. వాడలో మొదటి పట్టభద్రుడికి ఆ తోడు లేదు. అతని కష్టంలో మూడు ముడులు అదనంగా ఉన్నాయి.

మొదటిది అప్పు. బ్యాంకు అప్పు సంగతి కాదు. అమ్మ నాట్లకు పోయి, కలుపుకు పోయి, మిరపకాయలు ఏరి పంపిన డబ్బులతో హాస్టల్లో చదివినవాడు ప్రతి అన్నం ముద్దలో ఆ కూలి లెక్క చూసుకుంటాడు. ముప్పయ్యేళ్ళొచ్చినా పండక్కి ఊరికి రాడు. వస్తే పొద్దుగూకినాక వస్తాడు, తెల్లారకముందే బస్సెక్కుతాడు. ఎందుకంటే తొవ్వలో ప్రతి మనిషీ ‘ఏం చేస్తున్నవ్ రా?’ అని అడుగుతాడు. వాడలో పెద్దమనిషి ప్రేమతోనే అడుగుతాడు. రచ్చకట్ట మీద పటేలు వేరే రకంగా అడుగుతాడు. ‘గింత సదివి ఏం లాభమైందిరా? మా పొలం కాడికన్న రారాదు’ అంటాడు. ఆ ఒక్క మాటలో పాత జీతం మొత్తం ఉంది.

రెండోది ఉదాహరణగా మారటం. వాడలో ఒకడికి ఉద్యోగం రాకపోతే అతని వెనకాల పదిమంది బడి మానేస్తారు. ‘ఫలానావాని కొడుకు ఎం.ఏ. సదివి ఏం జేసిండు?’ అన్న ప్రశ్న పక్కింటి ఆడపిల్ల పదో తరగతి దగ్గరే ఆగిపోవటానికి కారణమవుతుంది. తన ఓటమి తనొక్కడిదే అనుకునే వెసులుబాటు కూడా అతనికి లేదు.

మూడోది పేరు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లీషు పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 66 వారాలపాటు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అర్హత ఒకటే, ఇంటిపేర్లు వేరు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుడి పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరైతే మూడింట ఒక వంతే. అప్పటికి ఇంకా ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. పిలుపు వచ్చినవాళ్ళకు ఇంటర్వ్యూలో ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అనే ప్రశ్న ఎదురవుతుంది. అడిగేవాళ్ళకది మామూలు పలకరింపు. కూలి తల్లిదండ్రుల బిడ్డకు అది కులం సర్టిఫికెట్ అడగటమే. ఒక ఇంటర్వ్యూలో నన్నూ ఇదే అడిగారు. చెప్పాక ఇంక సబ్జెక్టులో ప్రశ్నలేమీ అడగలేదు. తిరస్కారానికి కారణం ఎవరూ చెప్పరు గనుక ఆ కుర్రవాడు కారణాన్ని తనలోనే వెతుక్కుంటాడు. నా ఇంగ్లీషు బాగాలేదేమో, నా చొక్కా బాగాలేదేమో, నేనే పనికిరానేమో. వ్యవస్థ చేసిన పని మనిషి లోపలికి పోయి ఆత్మన్యూనతగా కూర్చుంటుంది.

కార్డు, క్యూ, నోటిఫికేషన్

1942 నుంచి 1946 దాకా అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో కార్మికశాఖ చూశాడు. 1943 ఆగస్టులో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. అది 1946లో 12.5 శాతానికి, 1970లో 15 శాతానికి పెరిగింది. యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజీలు మొదలైంది కూడా ఆ శాఖ కిందే. 1948లో వాటిని అందరికీ తెరిచారు. బొంబాయిలో కులం బయటపడి ఉపాధి పోగొట్టుకున్న మనిషి చూసిన శాఖలోంచే, సిఫారసు లేనివాడికి కూడా పేరు నమోదు చేసుకునే కిటికీ తెరుచుకుంది. ఇది చిన్న సంగతి కాదు.

దళిత ఇళ్ళల్లో ఆ కార్డుకున్న విలువ అందుకే. రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్, ఎంప్లాయ్‌మెంట్ కార్డు ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. రెన్యువల్ తప్పితే సీనియారిటీ పోతుందని భయం. కాల్‌లెటరు కోసం పోస్టుమ్యాన్ సైకిలు బెల్లుకు చెవులప్పగించిన తరం ఒకటుంది. 1959 చట్టం ఖాళీలు తెలపమన్నదే గాని, ఆ జాబితాలోంచే తీసుకోమనలేదు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసులో సుప్రీంకోర్టు ఎక్స్‌చేంజీ పంపే పేర్లతోపాటు పత్రికల్లో కూడా ప్రకటించి అందరి దరఖాస్తులూ చూడాలని చెప్పింది. కార్డు లేనివాళ్ళకు అది న్యాయమే. కానీ పదిహేనేళ్ళ సీనియారిటీ పట్టుకుని కూర్చున్నవాడికి ఎదురుచూపు విలువ ఒక్కసారిగా పడిపోయింది. అదే దశాబ్దంలో, 1991 ఆర్థిక విధానాల తర్వాత, సర్కారు కొలువే కుంచించుకుపోసాగింది. దళితులు ఎక్కువగా ఉన్న నాలుగో తరగతి పోస్టులు, అంటే స్వీపరు, అటెండరు, వాచ్‌మన్ పనులు, కాంట్రాక్టు చేతుల్లోకి పోయాయి. కాంట్రాక్టరుకు రోస్టరు పట్టదు.

తర్వాత వచ్చింది నోటిఫికేషన్ల కాలం. ‘నీళ్ళు, నిధులు, నియామకాలు’ అన్న నినాదంతో 2014లో ఏర్పడ్డ తెలంగాణలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపరు లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్. అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి లైబ్రరీలో ఈ తేదీలన్నీ మనుషుల వయసులు. గది అద్దె కట్టగలిగినవాడు ఇంకో ఏడాది ఆగగలడు. ఆగలేనివాడు పుస్తకాలు కట్టగట్టి అడ్డా మీద నిలబడ్డాడు. ఎస్సీలకు అయిదేళ్ళ వయసు సడలింపు ఉంది. అది హక్కు, ఉండాలి. కానీ ఉద్యోగాలివ్వని రాజ్యంలో ఆ సడలింపు ఇంకో అయిదేళ్ళ ఎదురుచూపుగా కూడా మారుతుంది. పెళ్ళి వాయిదా పడుతుంది, తండ్రి మందులు వాయిదా పడతాయి, బతుకే వాయిదా పడుతుంది.

ఈ క్యూలో ఆడపిల్ల ఎక్కడుంది? బి.ఇడి. చేసి ఉద్యోగం రాని కొడుకును ఇల్లు నిరుద్యోగి అంటుంది. అదే బి.ఇడి. చేసిన కూతుర్ని పెళ్ళి కావలసిన పిల్ల అంటుంది. ఆమె తెల్లారి పత్తి ఏరను పోతే ఎవరికీ వింతగా ఉండదు. మరీన్‌తాల్ ఆడవాళ్ళలాగే ఆమెకు నిరుద్యోగిగా ఉండే తీరిక కూడా లేదు. అన్న కోచింగు ఫీజులో ఆమె కూలి ఉంది. ఆ చరిత్ర ఇంకా రాయవలసే ఉంది.

పని ఇవ్వకపోవటమనే ఆయుధం

ఇక్కడిదాకా చెప్పింది పట్నం దారి పట్టినవాళ్ళ సంగతి. ఊళ్ళో ఉన్నవాళ్ళకు పని లేకపోవటం చాలాసార్లు శిక్షగా వచ్చింది. చుండూరులో 1991 జూలైలో, సినిమాహాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు రెడ్డి కులస్తుడికి తగిలిందని గొడవ మొదలైంది. ఆ తర్వాత దళితవాడను సాంఘికంగా బహిష్కరించారు. పొలం పనులకు పిలవటం ఆపేశారు. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. హత్యలు అందరికీ గుర్తున్నాయి. వాటికి ముందు వాడ మీద పడ్డ నిరుద్యోగాన్ని చరిత్రగా ఎవరూ రాయలేదు. అది మార్కెట్టు తెచ్చిన మాంద్యం కాదు, భూమి ఉన్న కులాలు కూడబలుక్కుని తెచ్చినది. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

చదువుకున్న దళితుడు కాలు చాపి కూర్చోవటాన్ని ఊరు సహించలేదు. ఉద్యోగం వస్తే ‘రిజర్వేషనోడు’, రాకపోతే ‘పనికిరానోడు’, ఊళ్ళో తలెత్తి తిరిగితే ‘బలిసినోడు’. ఈ మూడు పేర్ల మధ్య ఒక తరం బతుకుతోంది.

ఎవరి దుఃఖం?

1990లో మండల్ నివేదిక అమలు ప్రకటించగానే అగ్రకుల విద్యార్థులు రోడ్డు మీద బూట్లు తుడిచి నిరసన తెలిపారు. రిజర్వేషన్లొస్తే మాకీ గతి పడుతుందని దాని అర్థం. బూట్లు తుడిచేవాడు అక్కడే పక్కన కూర్చుని ఉన్నాడు. అతని పని వాళ్ళకు ఒక రోజు అభినయం. ఆ విద్యార్థుల నిరుద్యోగ భయం పత్రికల్లో జాతి దుఃఖంగా వచ్చింది. అదే సమయంలో రిజర్వుడు పోస్టులు ‘తగిన అభ్యర్థులు దొరకలేదు’ అన్న ఒక్క వాక్యంతో ఖాళీగా మిగిలాయి. ఎదురుగా తగిన అభ్యర్థి కూర్చుని ఉండగానే ఆ వాక్యం రాశారు. వాళ్ళ నిరుద్యోగానికి కారణం రిజర్వేషనట, మన నిరుద్యోగానికి కారణం మన అసమర్థతట!

కుంచించుకుపోయిన ఉద్యోగాలు మన మధ్య కూడా గీతలు గీశాయి. 1994లో మొదలైన మాదిగ దండోరా అడిగింది వాటాలో న్యాయం. 2004లో సుప్రీంకోర్టు కాదన్నది, 2024లో అవునన్నది, 2025లో తెలంగాణలో వర్గీకరణ చట్టంగా వచ్చింది. న్యాయమైన వాటా కావలసిందే. అయితే పంచుకునే గిన్నె ఎవరు చిన్నది చేశారన్న ప్రశ్న మాల, మాదిగ, ఉపకులాల పిల్లలందరూ కలిసి అడగవలసింది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్, కాంట్రాక్టు ఉద్యోగాల్లో రోస్టరు, పరీక్షలకు కచ్చితమైన క్యాలెండరు అన్నవి ఆ ప్రశ్నలోంచి వచ్చే డిమాండ్లే.

పరిశోధకులుగా మనం చెయ్యవలసిన పని ఇంకొకటుంది. వాడల్లో ఎన్ని డిగ్రీలు ఖాళీగా ఉన్నాయో లెక్క రాసుకోవాలి. ప్లాస్టిక్ కవర్లలో మిగిలిన కార్డులు, కాల్‌లెటర్లు, హాల్‌టికెట్లు పోగుచెయ్యాలి. తల్లుల కూలి లెక్కలు, అక్కాచెల్లెళ్ళ మానేసిన చదువులు వాటి పక్కన పెట్టాలి. అప్పుడు ‘ఏం చేస్తున్నవ్?’ అన్న ప్రశ్నకు ఆ పిల్లవాడు తలవంచుకుని జవాబు చెప్పుకోనక్కరలేదు. ఆ ప్రశ్న ఎవర్ని అడగాలో వాళ్ళనే అడగొచ్చు. ఇన్నేళ్ళుగా మీరేం చేస్తున్నారని.